గొలుసూ టోలీ

మా గోదావరి జిల్లాల్లో ఏ మసీదు ముందైనా సరే, జుమా నమాజ్ అయ్యాక నిలబడి "షేక్ బాషా!" అని ఓ కేక వేసి చూడండి. కనీసం నలుగురు వెనక్కి తిరుగుతారు. "సుభానీ!" అంటే ముగ్గురు, "మస్తాన్!" అంటే ఎంతమందో లెక్క చెప్పలేం. షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్. దాదాపు ఈ నాలుగు ఇంటిపేర్లలోనే మొహల్లా మొత్తం సర్దుకుంటుంది. దానికి తోడు పిల్లాడు పుడితే దాదా పేరు పెట్టుకోవడం మన రివాజ్. దాదాకి ముగ్గురు కొడుకులుంటే మూడిళ్లల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే వీధి.

మనుషులకి ఇది మస్లానే కాదు. "ఏ బాషా? వెల్డింగ్ బాషానా, కొబ్బరికాయల బాషానా?" అని అడుగుతారు, తేలిపోతుంది. మెషిన్‌కి అలా అడగడం రాదు. కాగజ్ మీద ఉన్న అక్షరాలే దానికి దిక్కు.

ఆ అక్షరాల సంగతి నాకు కొంచెం ఎక్కువే తెలుసు. స్కూలంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, ఇన్నేళ్లుగా పత్రికల్లో తెలుగు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు హరఫ్‌లున్నాయి. మన నోట్లో నాలుగూ ఒకేలా పలుకుతాయి గానీ రాతలో వేరు, అర్థంలో వేరు. జాల్‌తో రాస్తే నజీర్ అంటే హెచ్చరించేవాడు. జోయ్‌తో రాస్తే నజీర్ అంటే సాటి, మిసాల్. రెండూ వేరు వేరు పేర్లు. తెలుగులోకి వచ్చేసరికి నాలుగు హరఫ్‌లకీ ఒకే 'జ'. రేషన్ కార్డు మీద ఇద్దరూ నజీరే. ఇంగ్లీషులోకి పోతే కథ ఉల్టా. ఒక్క నజీర్‌నే ఒక గుమాస్తా జెడ్‌తో, ఇంకో గుమాస్తా జేతో, ఒకరు రెండు 'ఈ'లతో, ఇంకొకరు ఒక్క 'ఐ'తో రాస్తారు. షేక్ అన్న మాటే ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట ఎస్‌కే అయిపోతుంది, ఒకచోట పేరుకి ముందు, ఒకచోట వెనక. ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు, ఒక్క మనిషి నలుగురైపోతాడు.

మరి మెషిన్ ఎలా తేల్చుకుంటుంది? ఈ ప్రశ్న మా తమ్ముడి కూతుర్ని అడిగాను. కాకినాడ వైపు కంప్యూటర్ ఇంజినీరింగ్ చదువుతోంది.

"అది గ్రాఫ్ ప్రాబ్లమ్, చాచా. క్లిక్ కనుక్కోవాలి."

"మౌస్‌తో నొక్కే క్లిక్కా?"

నవ్వింది. "కాదు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ వేరు, అర్థం వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే."

చూశారా, నజీర్ కష్టం ఇక్కడ కూడా ఉంది. అందుకే నేను ఈ వ్యాసంలో ఆ మాట వాడను. టోలీ అంటాను.

ముందు గ్రాఫ్ అంటే ఏమిటో చూద్దాం. బడిలో మా మాస్టర్లు జామెట్రీ చెప్పేటప్పుడు బిందువుని నుక్తా అనీ, రేఖని ఖత్ అనీ అనేవారు. ఖత్ అంటే ఉత్తరం కూడా కదా. నాకు గ్రాఫ్ అంటే అదే. కొన్ని నుక్తాలు, వాటి మధ్య ఖత్‌లు. నుక్తా అంటే మనిషి అనుకోండి, ఇద్దరి మధ్య మాటలుంటే ఒక ఖత్. నుక్తా అంటే కాగజ్ అనుకోండి, రెండు కాగజ్‌లు ఒకరివే అనిపించేంత దగ్గరగా ఉంటే ఒక ఖత్. అంతే. ఇందులో లెక్కలేం లేవు, బొమ్మే ఉంది.

ఇప్పుడు మూడు కాగజ్‌లు తీసుకుందాం. మొదటిది షేక్ నజీర్, రాజోలు. రెండోది ఎస్‌కే నజీర్ అహ్మద్, రాజోలు. మూడోది నజీర్ అహ్మద్, రాజమండ్రి, ఆయన పేరు మీద ఒక కారు. ఒకటికీ రెండుకీ ఇంటిపేరు, ఊరు కలుస్తున్నాయి. ఖత్ గీయండి. రెండుకీ మూడుకీ పేరు పూర్తిగా కలుస్తోంది. ఇంకో ఖత్. ఒకటికీ మూడుకీ నజీర్ అన్న ఒక్క మాట తప్ప ఏదీ కలవడం లేదు. అక్కడ ఖత్ లేదు.

ఈ ముగ్గురూ ఒక్కరేనా? రెండు రకాల జవాబులున్నాయి. గొలుసు పద్ధతి అయితే, ఒకటి రెండుతో కలిసింది, రెండు మూడుతో కలిసింది, కాబట్టి మూడూ ఒకటే అంటుంది. రాజోలు నజీర్‌కి కారు వచ్చేసింది. టోలీ పద్ధతి అలా ఒప్పుకోదు. గుంపులో ప్రతి ఒక్కరికీ మిగతా ప్రతి ఒక్కరితో ఖత్ ఉంటేనే అది టోలీ. ఒకటికీ మూడుకీ మధ్య ఖత్ లేదు కాబట్టి మూడూ ఒకటి కావు అంటుంది.

దోస్త్‌కి దోస్త్ మనకి దోస్త్ కావాలని లేదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయమే ఇది. అయినా మెషిన్లు గొలుసు వైపే మొగ్గుతుంటాయి. గొలుసు ఆసాన్, టోలీ ముష్కిల్. ఆ ముష్కిల్ ఎంత ముష్కిలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గొలుసులు తేల్చడంలో ఒక తెలుగాయన పేరు ప్రపంచమంతా తెలుసు. కొసరాజు సాంబశివరావు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో పైచదువు, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1978లో ఆయన ఒక పద్ధతి కనిపెట్టి కాగితం మీద పెట్టారు గానీ అచ్చు వేయించలేదు. 1981లో మిఖా షరీర్ అనే ఆయన విడిగా అదే పద్ధతిని ప్రచురించారు. 1983లో ఆహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్మన్ రాసిన పాఠ్యపుస్తకం దాన్ని కొసరాజు పేరుతో చెప్పింది. ఇవాళ కంప్యూటర్ చదివే పిల్లలు ఏ దేశంలోనైనా కొసరాజు అల్గారిథం అనే నేర్చుకుంటున్నారు. అచ్చు కాని కాగితానికి ఇంత పేరు రావడం నాలాంటి విలేకరికి కొంచెం అసూయగానే ఉంటుంది.

ఆ పద్ధతి బాణాలున్న గ్రాఫ్‌కి, అంటే ఖత్‌కి ఒక దిశ ఉన్నప్పటిది. మా వృత్తిలోంచే మిసాల్ చెబుతాను. వాట్సాప్‌లో ఎవరు ఎవరికి పుకారు పంపుతారో బాణాలు వేయండి. ఎవరి దగ్గర బయల్దేరినా గుంపులో అందరికీ చేరి, తిరిగి మొదటివాడి దగ్గరికే వచ్చే గుంపులు కొన్ని ఉంటాయి. అలాంటి గుంపులో పుకారు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి, మొదలుపెట్టినవాడే "నేను చెప్పలే? అందరూ అదే అంటున్నారు" అంటాడు. అక్కడితో అది ఖబర్ అయిపోతుంది. ఈ గుంపుల్ని కొసరాజు పద్ధతి రెండే రౌండ్లలో పట్టేస్తుంది. మొదటి రౌండ్‌లో బాణాల వెంట పోగలిగినంత దూరం పోయి, ఇక దారి లేక వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కొక్కరి పేరూ వరసగా రాసుకోవాలి. రెండో రౌండ్‌లో బాణాలన్నీ ఉల్టా తిప్పి, ఆ జాబితాలో చివరి పేరు నుంచి మొదలుపెట్టాలి. ఆ పేరు నుంచి ఎంతమందిని చేరగలమో వాళ్లంతా ఒక గుంపు. వాళ్లని పక్కన పెట్టి, మిగిలినవాళ్లలో చివరి పేరు దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి.

దీని గొప్ప ఏమిటంటే, జనమూ బాణాలూ రెట్టింపయితే పనీ రెట్టింపే అవుతుంది, అంతకు మించదు. బాణాలు లేని మామూలు గొలుసులకైతే ఒక్క రౌండే చాలు. కోట్ల రికార్డులున్నా మెషిన్ గొలుసులు కట్టి పడేస్తుంది.

ఇక టోలీ. వలీమా దావత్ పెట్టారు, వంద మంది మెహమాన్లు. ఒక దస్తర్ఖాన్ మీద పదిమందిని కూర్చోబెట్టాలి. షర్త్ ఒక్కటే. ఆ పదిమందిలో ఏ ఇద్దరి మధ్యా మాటలు బంద్ అయి ఉండకూడదు. మన ఖాందాన్లు తెలుసుగా. పెద్ద ఫుప్పీకీ చిన్న చాచీకీ స్థలం దగ్గర పడదు. చాచీ తమ్ముడికీ మామూకీ ఏదో పాత నికాహ్‌లో బిర్యానీ తక్కువైన దగ్గర్నుంచీ సలాం లేదు. అలాంటి పదిమంది అసలు దొరుకుతారా?

పదిమందిని తెచ్చి చూపిస్తే సరిచూడడం సులువు. పదిమందిలో జతలు 45. నలభై అయిదు సార్లు అడిగితే చాలు. వెతకడమే కష్టం. పదిమందే కాదు, వీలైనంత పెద్ద టోలీ కావాలని చిన్నాపెద్దా ప్రతి గుంపునీ పరీక్షిస్తూ పోదామంటే, 20 మందిలోంచి తీయగల గుంపులు పది లక్షలు దాటుతాయి. 30 మంది అయితే 107 కోట్లు. ఒక్క మెహమాన్ పెరిగితే లెక్క రెట్టింపు. 60 మంది దగ్గర, సెకనుకి 100 కోట్ల గుంపులు చూసే మెషిన్‌కి కూడా 36 ఏళ్లు పడుతుంది. 100 మందికైతే 40 లక్షల కోట్ల ఏళ్లు. ఈ కాయనాత్ పుట్టి 1,380 కోట్ల ఏళ్లు అంటారు సైన్స్‌వాళ్లు. వలీమా ఎన్నటికీ మొదలవదు.

ఇలాంటి గుంపులకి ఆ ఇంగ్లీషు పేరు 1949లో లూస్, పెర్రీ అనే ఇద్దరు పెట్టారు. వాళ్లు చూసింది మనుషుల స్నేహాలనే. 1972లో రిచర్డ్ కార్ప్ 21 లెక్కల జాబితా ఇచ్చాడు. టోలీ అందులో ఒకటి. ఈ లెక్కలన్నీ ఒకదానికొకటి చుట్టాలు, ఒక్కదానికి త్వరగా తేలే హల్ దొరికితే అన్నిటికీ దొరికినట్టే అని చూపించాడు. యాభై ఏళ్లు దాటింది. ఒక్కదానికీ దొరకలేదు, దొరకదని రుజువూ రాలేదు. 2000 సంవత్సరంలో క్లే ఇన్‌స్టిట్యూట్ దీన్ని తేల్చినవారికి పది లక్షల డాలర్ల ఇనామ్ ప్రకటించింది. ఇనామ్ ఇంకా అలాగే ఉంది. పోనీ సరిగ్గా వద్దు, దగ్గరదగ్గరగా అతి పెద్ద టోలీ చెప్పండి చాలు అంటే అదీ అంతే కష్టమని 1990ల మొదట్లో కొందరు నిరూపించారు. చెన్నైలో పుట్టిన మధు సుదన్ వాళ్లలో ఒకరు.

ఇక్కడిదాకా విని నేను "అయితే చేతులెత్తేయాలా?" అన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. 1973లో హాలండ్‌కి చెందిన బ్రాన్, కెర్బోష్ అనే ఇద్దరు ఒక తరీకా చెప్పారట. వింటే మన ఇళ్లల్లో పెద్ద ఫుప్పీలు చేసే పనే అది. మూడు జాబితాలు పెట్టుకోవాలి. ఇప్పటికే దస్తర్ఖాన్ మీద కూర్చున్నవాళ్లు ఒకటి. కూర్చున్న అందరితోనూ పడేవాళ్లు, అంటే ఇంకా పిలవగలిగినవాళ్లు ఒకటి. వీళ్లతో ఇదివరకే లెక్క చూసేశాం అనేవాళ్లు ఒకటి. ఒక మనిషిని కూర్చోబెట్టగానే, ఆ మనిషితో పడనివాళ్లంతా రెండో జాబితాలోంచి ఒక్కసారిగా ఎగిరిపోతారు. రెండో జాబితా, మూడో జాబితా రెండూ ఖాళీ అయితే కూర్చున్నవాళ్లు ఒక పూర్తి టోలీ. ఎవరినో ఒకరిని లేపి ఇంకొకరితో మళ్లీ మొదలు.

అన్ని గుంపులూ చూడక్కర్లేదు, పడనివాళ్లని ముందే తీసేస్తున్నాం కాబట్టి. ఎంత చిక్కుముడి ఖాందాన్ అయినా, 60 మందిలో ఇలాంటి పూర్తి టోలీలు 349 కోట్లకు మించవని 1965లోనే మూన్, మోజర్ లెక్క కట్టారు. 36 ఏళ్ల పని నిమిషాల్లోకి వచ్చేస్తుంది. అసలు దునియాలో గ్రాఫ్‌లు అంత చిక్కుగా ఉండవు కూడా. పదిమంది టోలీ వెతుకుతున్నప్పుడు, మొత్తం మీద ముగ్గురితోనే మాటలున్న మనిషిని చూడాల్సిన పనే లేదు, మొదటే పక్కన పెట్టొచ్చు.

కాగజ్‌ల విషయంలో ఇది ఇంకా నిజం. ఒక మనిషి పేరు మీద ఎన్ని కాగజ్‌లుంటాయి? ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్కు, బండి ఉంటే దాని ఆర్సీ. ఐదో ఆరో. లక్షల మంది ఉన్నా, టోలీలు మాత్రం చిన్నవి. కాబట్టి టోలీ లెక్క కష్టం గనక గొలుసు కట్టేశాం అనే జవాబు ఇక్కడ చెల్లదు. ఐదు కాగజ్‌లు ఒకరివే అని సరిచూడాలంటే జతలు 10. గొలుసు చూసేది అందులో నాలుగే కావచ్చు. మిగతా ఆరు ఎవరూ చూడలేదు.

ఆ చూడని జతల ఖరీదు మా ఇంట్లోవాళ్లు కట్టారు. నర్సాపురం దగ్గర ఉండే మా ఖాలా బేవా. ఖాలూ పేరు నజీరే. దర్జీ పని, జిందగీ అంతా సైకిల్ మీదే తిరిగాడు. ఆయన పోయిన రెండేళ్లకి, ఇంట్లో కారు ఉందని చెప్పి ఖాలాకి రావాల్సింది ఆపేశారు. "కారు ఎక్కడుందో చూపించండి బాబూ, నేనూ ఓసారి ఎక్కుతాను" అందట ఖాలా ఆ ఆఫీసులో. నవ్వారట గానీ కాగజ్ మారలేదు. ఆర్నెల్లు తిరిగింది. ప్రతిసారీ ఆటోకి డబ్బులు, ప్రతిసారీ "సిస్టమ్‌లో అలా ఉందమ్మా". చివరికి ఒక కుర్రాడు, కొత్తగా చేరినవాడు, నాలుగు కాగజ్‌లూ బల్ల మీద పరిచి రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి చూశాడు. కారు నజీర్ తండ్రి పేరు వేరు. పుట్టిన సంవత్సరం 19 ఏళ్ల తేడా. ఆరు జతలు చూడటానికి పట్టింది పది నిమిషాలు. అతను చేసింది టోలీ లెక్క అని అతనికి తెలియకపోవచ్చు. ఖాలా ఇప్పటికీ ప్రతి నమాజ్ తర్వాత ఆ కుర్రాడికి దువా చేస్తుంది.

ఇది ఒక్క ఖాలా గొడవ కాదు. పక్కనే తెలంగాణలో ప్రభుత్వం వేర్వేరు శాఖల రికార్డుల్ని కలిపి ఒక మనిషి గురించి మొత్తం ఒకచోట చూసేందుకు సమగ్ర వేదిక అనే వ్యవస్థ పెట్టుకుంది. రద్దయిన రేషన్ కార్డులు సుమారు 19 లక్షలని, కంప్యూటర్ చెప్పిన మాట మీద ఇంటికి వెళ్లి చూడకుండానే తీసేశారని హైదరాబాద్‌కి చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకి వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని ఆదేశించింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని రికార్డు చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ కారు దాదాపు అదే పేరున్న వేరే మనిషిదని తేలింది. మన పేర్లు ఎలా ఉంటాయో ఇందాకే చెప్పుకున్నాం. పేరు పోల్చి మనిషిని తేల్చే ఏ ఏర్పాటులోనైనా ఈ దెబ్బ మన గల్లీల మీద ఎక్కువ పడుతుంది. మా ఊళ్లో సత్తిబాబులూ శ్రీనులూ లేరని కాదు. వాళ్లకి వంద రకాల ఇంటిపేర్లున్నాయి, మనకి నాలుగే.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. టోలీ లెక్కకీ లోపం ఉంది. అది మరీ సఖ్త్. నిజంగా ఒక్క మనిషివే అయిన ఐదు కాగజ్‌ల్లో ఒకదాని మీద గుమాస్తా పేరు తప్పు రాశాడనుకోండి, ఒక ఖత్ తెగుతుంది, ఒక్క మనిషి ఇద్దరైపోతాడు. అప్పుడు "మీరు మీరే అని రుజువేంటి?" అని అడుగుతారు. గొలుసు పరాయివాళ్లని కలుపుతుంది, టోలీ అయినవాళ్లని విడదీస్తుంది. అందుకే తొమ్మిది జతలు కలిసి ఒక్కటి కలవకపోతే అక్కడ మెషిన్ ఆగాలి, మనిషి వచ్చి అడగాలి, "ఏ నజీర్?" అని. ఆ అడగడానికి ముందు ఎవరి నోటి దగ్గరి అన్నమూ ఆపకూడదు. నేను అడిగేది అంతే.

వెతకడం కష్టం, సరిచూడడం సులువు. ఈ తేడాని గణితం వాళ్లు పెద్ద పెద్ద పేర్లతో చెబుతారు. మనకి మాత్రం ఇందులో ఒక హక్ ఉంది. ఫలానా ఐదు కాగజ్‌లు మీవే అని ఎవరైనా చెబితే, పదికి పది జతలూ చూపించమని అడగొచ్చు. మూడు కాగజ్‌లకి 3 జతలు, నాలుగింటికి 6, ఐదింటికి 10, ఆరింటికి 15. వేళ్ల మీద లెక్క. గట్టిగా అరవక్కర్లేదు, మర్యాదగానే "ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశారాండీ?" అంటే చాలు.

దాంతోపాటు ఇంట్లో ఒక పని చేయండి. ఈసారి ఈద్‌కి ఖాందాన్ అంతా కూడినప్పుడు, షీర్ ఖుర్మా అయ్యాక ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ ఉర్దూలో ఎలా రాస్తారో, తెలుగులో ఎలా ఉందో, ఇంగ్లీషులో ఏ కాగజ్ మీద ఏ స్పెల్లింగ్ ఉందో రాయండి. పక్కన అబ్బా పేరు, దాదా పేరు, పుట్టిన తేదీ. ఉర్దూ రాయడం వచ్చిన దాదీ నానీ ఇంకా ఉన్న ఇళ్లల్లో ఆ వరస వాళ్ల చేతే రాయించండి. జాల్ నజీరో, జోయ్ నజీరో వాళ్లకే తెలుసు.